చౌ టేబుల్ వెనక మనిషి

ఎండు కొబ్బరిబోండాం ఒకటి కాలువలోకి విసిరాం. 30 మీటర్ల దిగువన గట్టు మీద గడ పాతి ఉంది. కాలువ కాపలా చూసే లస్కర్ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని గడ దగ్గర కూర్చున్నాడు. లెక్క ప్రకారం 43 సెకన్లలో రావాల్సిన కాయ, దారిలో కనపడ్డ ప్రతి తూటికాడనూ పలకరించుకుంటూ 88 సెకన్లకు వచ్చింది. మూడుసార్లు వేసినా రెండు మూడు సెకన్లు అటూ ఇటూ, అంతే.

స్కేలు మీద నీటిమట్టం మాత్రం సరిగ్గా డిజైన్ లోతే, 1.2 మీటర్లు. మట్టం చూసి పట్టికలోంచి అంకె ఎత్తి రాయడం ఆనవాయితీ కాబట్టి రిజిస్టర్లో రోజూ 194 క్యూసెక్కులు పడుతోంది. చివరి ఆయకట్టు రైతులు మాత్రం తూములోకి చుక్క రావట్లేదని మొత్తుకుంటున్నారు. ఎవరో మధ్యలో గండి కొట్టారని అనుమానం, దాని మీద రెండు ఊళ్ల మధ్య మాటా మాటా. కాలువ పొడవునా నడిస్తే గండీ లేదు, దొంగ మోటారూ లేదు. కాలువ నిండుగానే ఉంది. అందులో పారేది మాత్రం దాదాపు సగం, 96 క్యూసెక్కులు.

లోతు అదే, వెడల్పు అదే, వాలు అదే అయినప్పుడు నీరు సగానికి ఎలా పడిపోయింది? దీనికి జవాబు ఒకే ఒక్క అంకెలో ఉంది. ఆ అంకె కోసం హైడ్రాలిక్స్ చదివిన వాళ్లంతా చూసేది ఒకటే చోట, చౌ టేబుల్. మా కాలేజీ రోజుల్లో 'చౌ' అంటే అదేదో పద్ధతి పేరనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అది మనిషి పేరు. వెన్ తె చౌ, 1919లో చైనాలోని హాంగ్‌జౌలో పుట్టి, అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1981లో కన్నుమూసిన ప్రొఫెసర్. ఆ మనిషి చేసిన పనిలో ఈ టేబుల్ మహా అయితే పదో వంతు. కానీ అక్కడ మొదలుపెడితేనే మిగతాది అర్థమవుతుంది.

కాలువలో నీటి వేగం లెక్కకట్టడానికి ప్రపంచమంతా వాడే సూత్రం మ్యానింగ్‌ది. రాబర్ట్ మ్యానింగ్ ఐర్లాండ్ ఇంజనీర్. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు, మొదట్లో చేసింది అకౌంట్ల పని. 1889లో, డెబ్బై ఏళ్లు దాటాక, తన సూత్రాన్ని డబ్లిన్‌లో ఇంజనీర్ల సభ ముందు పెట్టాడు. తమాషా ఏమిటంటే మనం ఈనాడు 'మ్యానింగ్ సూత్రం' అనుకునే రూపం ఆయనకే అంతగా నచ్చలేదు. ఘనమూలాలు తీయాలి, కొలమానాలు పొసగవు అని పక్కన పెట్టి వేరే రూపం సూచించాడు. జనం మాత్రం వద్దన్నదాన్నే పట్టుకున్నారు.

ఆ సూత్రం చెప్పేది మామూలు సంగతే. వాలు పెరిగితే నీరు వేగంగా పోతుంది. నీటి అడ్డుకోత వైశాల్యంతో పోలిస్తే మట్టికి తగిలే అంచు తక్కువైతే ఇంకా వేగంగా పోతుంది. గరుకుదనం పెరిగితే నెమ్మదిస్తుంది. ఈ గరుకుదనానికి పెట్టిన గుర్తే 'ఎన్'. మొత్తం సూత్రాన్ని దాంతో భాగించాలి. కాబట్టి ఎన్ రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. వాలునీ లోతునీ టేపుతో, లెవెల్ యంత్రంతో కొలవవచ్చు. ఎన్‌ని కొలిచే పరికరం లేదు. చూసి అంచనా వేయాలి. అందుకే ఇంతకాలం అది అనుభవజ్ఞుడైన పెద్దాయన చెప్పిందే వేదం అన్నట్టు నడిచింది.

1959లో వచ్చిన 'ఓపెన్ చానెల్ హైడ్రాలిక్స్' పుస్తకంలో చౌ ఈ ఎన్ విలువలను ఒకచోట పోగేసి పట్టిక వేశాడు. అంతకుముందూ పట్టికలు ఉన్నాయి. ఈయన పట్టికలో చెప్పుకోదగ్గది ఒకటుంది: ప్రతి రకం కాలువకూ ఒక అంకె కాదు, మూడేసి అంకెలిచ్చాడు. కనిష్ఠం, మామూలు, గరిష్ఠం. కొత్తగా తవ్విన శుభ్రమైన మట్టికాలువకు 0.016, 0.018, 0.020. కాస్త గడ్డి, అక్కడక్కడ కలుపు ఉంటే 0.022, 0.027, 0.033. నిర్వహణ వదిలేసి, అడుగు శుభ్రంగా ఉన్నా పక్కల పొదలు పెరిగితే 0.040, 0.050, 0.080. కలుపు నీటిలోతంతా అల్లుకుంటే 0.050, 0.080, 0.120.

మొదటి వరసలో మూడు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయో, చివరి వరసలో ఎంత దూరం జరిగాయో చూడండి. కాలువ ఎంత పాడైతే దాని గురించి మనం అంత తక్కువ నమ్మకంగా చెప్పగలం అన్నమాట. నాకు ఈ పట్టికలో నచ్చేది అదే. తెలియని చోట తెలిసినట్టు ఒకే అంకె వేసి ఊరుకోలేదు. అది చాలదన్నట్టు 24 కాలువల ఫొటోలు, వాటి పక్కన వాటి ఎన్ విలువలు అచ్చు వేశాడు. కుర్ర ఇంజనీరు పుస్తకం పట్టుకుని గట్టు మీద నిలబడి, మన కాలువ ఏ ఫొటోలా ఉందో పోల్చుకోవచ్చు. పెద్దాయన కంటిచూపులో ఉన్న విద్య అలా అందరి చేతికీ వచ్చింది.

మా కాలువ డిజైన్‌లో ఎన్ 0.0225 వేసుకున్నారు. కొబ్బరిబోండాం చెప్పిన వేగం నుంచి వెనక్కి లెక్కకడితే (పైన తేలే వేగం కంటే లోపలి సగటు తక్కువ కాబట్టి 0.85తో గుణించి) 0.046 వచ్చింది. చౌ టేబుల్‌లో అది 'పక్కల పొదలు' వరసలో, కనిష్ఠానికీ మామూలుకీ మధ్య కూర్చుంది. గండి కొట్టింది తూటికాడ.

చౌ జీవిత వివరాలు పెద్దగా మలుపులు లేని ఉద్యోగస్తుడివి. హాంగ్‌జౌ పక్కనే చియాన్‌తాంగ్ నది, ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటుపోటు అల నదిలోకి ఎదురెక్కి వచ్చే చోటు. గ్రాండ్ కెనాల్ దక్షిణాన ముగిసేదీ ఆ ఊళ్లోనే. ఇలాంటి ఊళ్లో పుట్టాడు కాబట్టి నీటి శాస్త్రవేత్త అయ్యాడని కథ అల్లడం తేలిక, నాకు అల్లబుద్ధి కావట్లేదు. ఆ ఊళ్లో పుట్టిన లక్షల మంది ఇంకేవో అయ్యారు. 1940లో షాంఘైలోని చియావ్‌తుంగ్ విశ్వవిద్యాలయంలో సివిల్ డిగ్రీ తీసుకున్నాడు. జపాన్‌తో యుద్ధం నడుస్తున్న రోజులవి, ఆ విశ్వవిద్యాలయం తన ఆవరణ వదిలి ఫ్రెంచివారి ఏలుబడిలోని పేటలో తలదాచుకుని తరగతులు నడిపింది. తర్వాత అమెరికా వెళ్లి 1948లో పెన్సిల్వేనియా స్టేట్‌లో మాస్టర్స్, 1950లో ఇల్లినాయ్‌లో డాక్టరేట్. ఆ ఇల్లినాయ్‌లోనే చివరిదాకా ఉండిపోయాడు.

పుస్తకానికి వద్దాం, అందులో టేబుల్ కంటే లోతైన పని ఉంది. నదికి అడ్డంగా ఆనకట్ట కడితే వెనక నీరు పెరుగుతుంది. ఎంతదూరం దాకా? ఆనకట్ట దగ్గర పది మీటర్లు లేచిన నీరు పైకి పోయేకొద్దీ తగ్గుతూ, ఎక్కడో పదుల కిలోమీటర్ల ఎగువన పాత మట్టంలో కలిసిపోతుంది. ఆ మధ్యలో నీటి ఉపరితలం సరళరేఖ కాదు, వంపు తిరిగిన గీత. ఆ గీత ఎక్కడ ఏ ఎత్తులో ఉందో తేల్చడమే బ్యాక్‌వాటర్ లెక్క. పోలవరం మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ఎందుకు అభ్యంతరం చెబుతున్నాయి, భద్రాచలం వైపు భయం దేనికి అంటే ఈ గీత గురించే. అందులోనూ మళ్లీ ఎన్ దాక్కుని ఉంటుంది. నది ఎంత గరుకు అనుకుంటే వరద మట్టం అంత పైకి లేస్తుంది, ముంపు గ్రామాల జాబితా అంత మారుతుంది.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ గీత గీయడం నరకం. నదిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఊహించి, సరిచూసి, మళ్లీ ఊహించి పైకి పాకాలి. దీనికి దగ్గరిదారి వేసినవాడు బోరిస్ బఖ్‌మెతెఫ్. ఆయన కథ సినిమా కథే: 1917లో రష్యా తాత్కాలిక ప్రభుత్వానికి వాషింగ్టన్‌లో రాయబారి, బోల్షెవిక్ విప్లవంతో ఆ ప్రభుత్వమే మాయమయ్యాక కొలంబియా విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్స్ ప్రొఫెసర్. ఆయన వేసిన దారిని 1955లో చౌ ఇంకాస్త తిన్నగా చేశాడు. సమీకరణాన్ని నేరుగా సమాకలనం చేసి, అందులోని రెండు కష్టమైన పదాలకూ ఒకే పట్టిక సరిపోయేలా మలిచాడు. పొడవాటి కాలువని నాలుగైదు వరసల గుణకారాలతో తేల్చేయొచ్చు. ఇవాళ ఆ పద్ధతిని పరీక్షల్లో తప్ప ఎవరూ వాడరు, సాఫ్ట్‌వేర్ ముక్కలు ముక్కలుగానే లెక్కేస్తుంది, దానికి విసుగుండదు కాబట్టి. తమాషా ఏంటంటే, వరద మట్టాలకు ఎక్కువమంది వాడే అమెరికా సైనిక ఇంజనీర్ల సాఫ్ట్‌వేర్ హెక్-రాస్ తీసి దాని మాన్యువల్ తిరగేస్తే, ఎన్ విలువల దగ్గర కనపడేది మళ్లీ 1959 నాటి చౌ టేబులే.

ఇంతవరకు చెప్పిందంతా 'ఇంత నీరు వస్తే ఎలా పారుతుంది' అన్న ప్రశ్న. చౌ మిగతా జీవితమంతా దాని వెనకున్న ప్రశ్న మీద పెట్టాడు: అసలు ఎంత నీరు వస్తుంది?

రోడ్డు కింద కల్వర్టు ఎంత వెడల్పు పెట్టాలన్నది చూడటానికి చిన్న సమస్య. దానికి పాతకాలపు ఇంజనీర్లు సూత్రాలు అల్లుకున్నారు. ఇల్లినాయ్‌లోనే అంతకుముందు పనిచేసిన టాల్బట్ సూత్రం ప్రకారం పరీవాహక వైశాల్యాన్ని (వాననీరు ఆ చోటికి చేరే నేల ఎంతో దాన్ని) ముప్పావు ఘాతానికి ఎత్తి, ఒక గుణకంతో గుణిస్తే కల్వర్టు రంధ్రం వైశాల్యం వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో రైవ్స్ సూత్రం ఇలాంటిదే, అది ఇచ్చేది మాత్రం వరద ప్రవాహం, ఘాతం మూడింట రెండు. సముద్రానికి 80 కిలోమీటర్ల లోపైతే గుణకం 6.8, దాటితే 8.5, కొండల దగ్గరైతే 10.2. మన చెరువుల అలుగులు, పాత రోడ్ల కల్వర్టులు ఎన్నో ఆ అంకెల మీదే నిలబడ్డాయి.

ఈ సూత్రాల్లో లేనిదేమిటో గమనించారా? వాన లేదు. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు కురిస్తే అన్న మాటే లేదు. ఎన్నేళ్లకోసారి వచ్చే వరదకు అన్న మాటా లేదు. అన్నీ కలిపి ఆ గుణకంలో కూరేశారు. ఒక జిల్లాలో పనిచేసిన గుణకాన్ని ఇంకో జిల్లాకు తీసుకుపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. చౌ 1962లో ఇల్లినాయ్ చిన్న పరీవాహకాల కోసం చేసిన అధ్యయనంలో ఇలాంటి సూత్రాలను ప్రపంచం నలుమూలల నుంచీ వందకు పైగా ఏరాడు. ఒకే ప్రశ్నకు వంద జవాబులున్నాయంటే జవాబు లేదనే లెక్క. ఆ గుణకాన్ని విప్పి వాన, నేల, వాలు, ఎన్నేళ్లకోసారి అన్న సంగతులను విడివిడిగా పేర్చాడు.

'ఎన్నేళ్లకోసారి' అన్నదాని మీద ఆయన పని ఇంకా ముందే, 1951లో వచ్చింది. పేరు పౌనఃపున్య గుణకం, చూడటానికి అతి చిన్న సూత్రం. ఏటా వచ్చే అతిపెద్ద వరదల జాబితా తీసుకోండి. వాటి సగటు, ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టండి. కావలసిన వరద = సగటు + కె × విచలనం. ఆ గుణకమే కె. గణాంక శాస్త్రంలో ఒక్కో పంపిణీకి (ఎంత వరద ఎంత తరచుగా వస్తుందో చెప్పే నమూనాకి) ఒక్కో చేటభారతం ఉండేది. అవన్నీ దాదాపు ఈ ఒక్క వాక్యంలో ఒదుగుతాయని, తేడా అంతా 'కె'లోనే ఉంటుందని చౌ చూపించాడు. ఊహించుకోవడానికి ఒక నది: ఏటా పెద్ద వరద సగటున 3 లక్షల క్యూసెక్కులు, విచలనం 1.2 లక్షలు. వరద లెక్కల్లో బాగా వాడే గంబెల్ పంపిణీకి పదేళ్ల వరద కె 1.305, వందేళ్ల వరద కె 3.137. అంటే పదేళ్ల వరద సుమారు 4.6 లక్షలు, వందేళ్లది సుమారు 6.8 లక్షలు. కాలిక్యులేటర్ మీద రెండు నిమిషాల పని.

లెక్క తేలికైంది గానీ దాని పేరు మాత్రం జనాన్ని ఇప్పటికీ తప్పుదోవ పట్టిస్తోంది. వందేళ్ల వరద అంటే ఒకసారి వచ్చాక వందేళ్లు నిశ్చింత అని కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఇల్లు కట్టుకుని 30 ఏళ్లు ఉంటే, ఆ కాలంలో కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి 26. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను 2009లో చూసి 'ఇక మన జీవితంలో మళ్లీ చూడం' అనుకున్నవాళ్లు 2024 సెప్టెంబరులో మళ్లీ చూశారు. నదికి క్యాలెండర్ తెలియదు. పైగా ఈ లెక్కంతా 'రాబోయే వరదలు గడిచిన వరదల్లాగే ఉంటాయి' అన్న నమ్మకం మీద నిలబడింది. వానల తీరే మారిపోతున్నప్పుడు జాబితాలో పాత సంవత్సరాలకు ఎంత విలువివ్వాలన్నది ఇవాళ్టి తలనొప్పి. దానికి చౌ సూత్రంలో మందు లేదు.

1964లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన 'హ్యాండ్‌బుక్ ఆఫ్ అప్లయిడ్ హైడ్రాలజీ' ఇటుకరాయంత పుస్తకం. 29 విభాగాలు, ఎందరో నిపుణులు. వాన, మంచు, భూగర్భజలం, గణాంకాలు, చివరికి నీటి చట్టాలు కూడా. మొదటి అధ్యాయం చౌ స్వయంగా రాశాడు, అందులో ఈ శాస్త్రం చరిత్రని ఎనిమిది కాలాలుగా విడగొట్టాడు. 1400 దాకా ఊహల కాలం, తర్వాత పరిశీలన, కొలత, ప్రయోగం, ఆధునికత, 1900 నుంచి 1930 దాకా అనుభవ సూత్రాల కాలం, 1930 నుంచి హేతువు కాలం, 1950 నుంచి సిద్ధాంతాల కాలం. ఇలా గళ్లు గీసి చరిత్రని అందులో కూర్చోబెట్టడం నాకు అంత నచ్చదు. ఆ గళ్లలో చైనా, భారత్ చెరువులు కట్టినవాళ్లంతా 'ఊహల కాలం' కిందకే పోతారు. ఊహతో వెయ్యేళ్లు నిలిచే కట్ట పోయలేరు కదా.

సిద్ధాంతానికి ప్రయోగం కావాలి. నిజమైన వాగు మీద ప్రయోగం చేయడంలో చిక్కేమిటంటే, నిన్న కురిసిన వానని ఇవాళ మళ్లీ కురిపించలేం. అందుకని చౌ బృందం ఇల్లినాయ్ ప్రయోగశాలలో వాననే తయారు చేసింది. 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు నేల, దాని మీద వందల పెట్టెలు, ఒక్కో పెట్టె అడుగున సన్నటి గొట్టాలు. గొట్టం చివర చుక్క ఊరి, బరువెక్కి, రాలుతుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత కురవాలో యంత్రం నియంత్రిస్తుంది. ఒకే వానని పదిసార్లు కురిపించి నేలను మార్చి చూడొచ్చు, ఒకే నేల మీద వానని మార్చీ చూడొచ్చు. ఇవాళ ఆ విశ్వవిద్యాలయం హైడ్రాలిక్స్ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టారు.

ఎంత నీరొస్తుందో, ఎలా పారుతుందో తెలిశాక మిగిలేది, దాన్ని ఏం చేయాలన్నది. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి? శ్రీశైలం, సాగర్, పులిచింతల లాంటి వరస జలాశయాలు ఉన్నాయనుకోండి. ఒక్కోదానిలో నీటిమట్టానికి 100 మెట్లు పెడితే, నాలుగు జలాశయాలకు కలిపి ఒక్క నెలకే పది కోట్ల పరిస్థితులు. 1970ల కంప్యూటర్ అక్కడే చేతులెత్తేస్తుంది. 1971లో చౌ, ఆయన సహచరులు ముగ్గురు కలిసి దీనికో ఉపాయం ప్రచురించారు. మొత్తం వెతక్కుండా, ముందు ఎలాగోలా ఒక దారి, అంటే ఏ నెలలో ఏ మట్టం ఉండాలన్న ప్రణాళిక, అనుకో. దాని చుట్టూ సన్నటి సందు ఒకటి గీసి, ఒక్కో జలాశయానికి మూడే మెట్లు తీసుకుని వెతుకు. మూడేసి మెట్లు, నాలుగు జలాశయాలు, 81 పరిస్థితులు. మెరుగైన దారి దొరికితే సందుని అక్కడికి జరిపి మళ్లీ వెతుకు. చీకట్లో గట్టు మీద టార్చిలైటు వేసుకుని నడిచినట్టు. మొదట అనుకున్న దారి మరీ చెత్తదైతే దగ్గర్లోని చిన్న గుట్టనే శిఖరం అనుకుని ఆగిపోయే ప్రమాదమూ ఉంది. అయినా పది కోట్లెక్కడ, 81 ఎక్కడ.

నీటి గురించి ఇంజనీర్లు మాత్రమే మాట్లాడుకుంటే చాలదని ఆయనకు ఈ దశలోనే పట్టినట్టుంది. అంతర్జాతీయ జలవనరుల సంఘం స్థాపకుల్లో ఒకడు, దానికి మొదటి అధ్యక్షుడు. సంఘం మొదటి ప్రపంచ మహాసభ 1973లో షికాగోలో, రెండోది 1975 డిసెంబరులో మన న్యూఢిల్లీలో జరిగాయి. 1973లోనే అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికయ్యాడు. 1981 జులైలో, 62 నిండకుండానే పోయాడు. ఏడేళ్ల తర్వాత వచ్చిన 'అప్లయిడ్ హైడ్రాలజీ' మీద ముందు ఆయన పేరు, తర్వాత ఇల్లినాయ్‌లోనే డాక్టరేట్ చేసిన డేవిడ్ మెయిడ్‌మెంట్, లారీ మేస్ పేర్లు ఉంటాయి. మన దగ్గర సివిల్ విద్యార్థులు భారతీయ ముద్రణలో చదివేది దాన్నే.

ఇక టేబుల్ వాడకంలో మన వాళ్లు చేసే తప్పు గురించి ఒక మాట. చాలామంది కళ్లు మూసుకుని మధ్య నిలువు వరసలో ఉన్న 'మామూలు' అంకె ఎత్తేస్తారు. ఇంకొందరు ముందు కావలసిన జవాబు అనుకుని, దానికి సరిపోయే ఎన్ వెతుక్కుంటారు. మూడు అంకెలుండటం వల్ల ఆ సదుపాయమూ ఉంది మరి. రెండూ తప్పే. ఎన్ అనేది మట్టి రంగులాగా కాలువకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అది లోతుతో మారుతుంది, ఋతువుతో మారుతుంది. లోతు తక్కువున్నప్పుడు నిటారుగా నిలబడి నీటిని ఆపే గడ్డే, నీరు పెరిగితే వంగి దారిస్తుంది. టేబుల్ మొదటి అంచనాకే. అసలు అంకె కాలువనే అడగాలి.

మేం అడిగాం. కూలీలు తొమ్మిది రోజులు పక్కల తూటికాడ కోసి గట్టుకేశారు. తర్వాత పైన గేటు ఇంకాస్త ఎత్తించి, స్కేలు మీద మళ్లీ అదే 1.2 మీటర్లు తెప్పించాం. అదే గడ, కొత్త కొబ్బరిబోండాం. ఈసారి 50 సెకన్లు. ఎన్ 0.026, పారుదల 168 క్యూసెక్కులు. రిజిస్టర్లో ఆ రోజూ 194 అనే రాశారు.